చీటీలో పేరు, చేతిలో పుస్తకం

ఆదర్శ సమాజానికి పూర్తిగా తలకిందులైన సమాజాన్ని, అంటే భయంతోనో ఆకలితోనో నిఘాతోనో మనుషులను అణచి ఉంచే రాజ్యాన్ని ఊహించి రాసే సాహిత్యాన్ని డిస్టోపియా సాహిత్యం అంటారు. రష్యన్ రచయిత యెవ్‌గెనీ జమ్యాతిన్ 1920ల తొలినాళ్లలో వెలుగులోకి తెచ్చిన ‘మేము’, ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’, జార్జ్ ఆర్వెల్ 1949లో అందించిన ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ ఈ మార్గానికి పునాది వేసిన నవలలు. ఆ మూడూ పెద్దల కోసం రాసినవి, చదివినవారి మనసును చాలాకాలం బరువుగా ఉంచేవి. రెండో భాగం కోసం పాఠకుడు షాపుకు పరుగెత్తవలసిన అవసరం వాటితో రాలేదు, ఎందుకంటే వాటికి రెండో భాగం లేదు, వాటి కథానాయకులకు మిగిలిన భవిష్యత్తూ లేదు. 21వ శతాబ్దం మొదటి దశాబ్దం ముగిసేసరికి ఆ చీకటి లోకమే, సుమారు 12 నుంచి 18 ఏళ్ల వయసువారిని ఉద్దేశించి ప్రచురణకర్తలు ‘యంగ్ అడల్ట్’ పేరుతో అమ్మే కౌమార సాహిత్యంలోకి చేరి, మూడేసి సంపుటాల వరుస నవలగా రూపం మార్చుకొని, ఒకసారి పట్టుబడినవారిని వదలని వ్యసనంగా తయారైంది. పిల్లలు పిల్లలను చంపుకొనే కథను అదే వయసు పిల్లలు అన్నం కంచం ముందు కూడా పుస్తకం మూయకుండా ఎందుకు చదివారన్న ప్రశ్నకు సమాధానం, ఈ ధోరణికి కేంద్రమైన ‘హంగర్ గేమ్స్’ వరుసను దగ్గరగా చూస్తే దొరుకుతుంది. ఆ సమాధానం పాఠకుడికి అంత ఇష్టంగా ఉండేది కాదు, ఎందుకంటే ఆ పుస్తకాలు దేన్ని నిందిస్తున్నాయో దానితోనే పాఠకుణ్ణి కట్టిపడేస్తున్నాయి.

ఈ వరుస రచయిత్రి సుజాన్ కాలిన్స్ 1962లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో పుట్టారు. ఆమె తండ్రి వైమానిక దళ అధికారి, యుద్ధ చరిత్రను బోధించినవారు. కూతురు చిన్నపిల్లగా ఉండగానే ఆయన వియత్నాం యుద్ధానికి వెళ్లారు, ఆ ఏడాదంతా ఇంట్లో ఎదురుచూసిన పసిపిల్ల భయాన్ని ఆమె తర్వాత 2013లో ‘ఇయర్ ఆఫ్ ది జంగిల్’ అనే బొమ్మల పుస్తకంగా రాశారు. నవలల వైపు రాకముందు ఆమె నాటక రచన చదువుకొని, పిల్లల టెలివిజన్ కార్యక్రమాలకు చాలాకాలం పనిచేశారు. ఒక రాత్రి టీవీ చానళ్లు మారుస్తుండగా ఒకచోట యువతీ యువకులు పోటీపడే రియాలిటీ షో, మరోచోట ఇరాక్ యుద్ధ దృశ్యాలు కనబడి, రెండింటి మధ్య గీత చెరిగిపోయినట్టు అనిపించినప్పుడు ఈ కథకు బీజం పడిందని ఆమె పలు ఇంటర్వ్యూలలో చెప్పారు. దానికి రోమన్ గ్లాడియేటర్ల ఆటలు, ఏథెన్స్ నగరం ఏడుగురు యువకులను ఏడుగురు కన్యలను క్రీటు దీవిలోని ఎద్దుతల రాక్షసుడు మినోటార్‌కు ఆహారంగా పంపుకొన్న గ్రీకు పురాణగాథ తోడయ్యాయి. 2008 సెప్టెంబరులో ‘ది హంగర్ గేమ్స్’, 2009లో ‘క్యాచింగ్ ఫైర్’, 2010లో ‘మాకింగ్‌జే’ వెలువడ్డాయి. మొదట 50,000 ప్రతులు చాలనుకున్న స్కాలస్టిక్ సంస్థ, విడుదల నాటికే ఆ సంఖ్యను 2,00,000కు పెంచవలసి వచ్చింది. ఇప్పటికి అయిదు పుస్తకాలైన ఈ వరుస ప్రపంచవ్యాప్తంగా 10 కోట్ల ప్రతులను దాటింది.

కథ జరిగేది ఉత్తర అమెరికా శిథిలాల మీద లేచిన పానెం అనే రాజ్యంలో. రాకీ పర్వతాల నడుమ ఉన్న రాజధాని క్యాపిటల్ భోగాలలో తేలుతుండగా, దాని చేతికింద ఉన్న 12 జిల్లాలు బొగ్గు, ధాన్యం, బట్ట, చేపలు అంటూ ఒక్కొక్కటి ఒక్కో సరుకును ఉత్పత్తి చేసి పంపుతాయి, వాటిలో చాలా జిల్లాల ప్రజలు తాము మాత్రం పస్తులుంటారు. ఎప్పుడో జరిగిన తిరుగుబాటుకు శిక్షగా ఏటా ప్రతి జిల్లా 12 నుంచి 18 ఏళ్ల వయసు గల ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ ‘ట్రిబ్యూట్’గా, అంటే కప్పంగా, చెల్లించాలి. ఆ 24 మందినీ అరీనా అనే ప్రాంగణంలోకి వదిలితే, ఒక్కరు మిగిలేదాకా వారు ఒకరినొకరు చంపుకోవాలి, దేశమంతా దాన్ని టీవీలో చూడాలి.

ఈ పుస్తకాల ఆకర్షణను హింసకో, ఇద్దరు యువకుల మధ్య ఊగే ప్రేమకథకో ఆపాదించడం తేలిక. అయితే అసలు పట్టు మొదటి అధ్యాయంలోని కూడికల దగ్గరే బిగుస్తుంది. 12వ ఏట ప్రతి బిడ్డ పేరు ఒక చీటీగా గాజుకుండలో పడుతుంది, ఏటా మరో చీటీ చేరుతుంది. అంతవరకు కలిగినవారి బిడ్డకూ లేనివారి బిడ్డకూ లెక్క ఒకటే. తిండి లేని ఇంటి బిడ్డకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది: తన పేరును అదనంగా వేయించుకుంటే ఒక్కో చీటీకి ఒక మనిషికి ఏడాది పొడుగునా చాలీచాలకుండా సరిపోయే ధాన్యం, నూనె ఇస్తారు. టెస్సెరా అని పిలిచే ఈ ఏర్పాటు రేషన్ కార్డులో పేర్లను బట్టి బియ్యం తూచే పద్ధతిని పోలినదే, కాకపోతే ఇక్కడ తూకానికి పెట్టేది బిడ్డ ప్రాణం. గని పేలుడులో తండ్రిని పోగొట్టుకున్న కాట్నిస్ ఎవర్‌డీన్ తనకూ తల్లికీ చెల్లికీ కలిపి ఏటా మూడు అదనపు చీటీలు వేయించుకుంటుంది కాబట్టి, 12వ ఏట నాలుగుతో మొదలైన ఆమె లెక్క 16వ ఏటికి 20 అవుతుంది. అయిదుగురున్న ఇంటిని మోస్తున్న ఆమె స్నేహితుడు గేల్ పేరు 18వ ఏటికి 42 సార్లు కుండలో ఉంటుంది. రచయిత్రి ఎక్కడా అన్యాయం గురించి ఉపన్యాసం ఇవ్వదు, అంకెలు చెప్పి ఊరుకుంటుంది. పదమూడేళ్ల పాఠకుడు వేళ్ల మీద కూడుకుంటూ, పేదరికం మీద పన్ను ఎలా వేస్తారో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత సూటిగా అర్థం చేసుకుంటాడు. లెక్క అలా మనసులో స్థిరపడ్డాక అధ్యాయం చివరి వాక్యంలో చీటీ తీస్తారు, అందులో ఉన్నది వేలాది చీటీలలో ఒకే ఒక్క చీటీగా మొదటిసారి పడిన పన్నెండేళ్ల చెల్లెలు ప్రిమ్ పేరు. ఆ తర్వాత పుస్తకాన్ని కింద పెట్టడానికి మంచి నిగ్రహం కావాలి.

చెల్లికి బదులుగా అక్క వెళుతుందన్న మలుపు చదివిన తెలుగువారికి భారతంలోని ఏకచక్రపురం గుర్తుకు రాక మానదు. అక్కడా ఊరు వంతులవారీగా బకాసురుడికి బండెడు అన్నంతో పాటు ఒక మనిషిని పంపుకొంటుంది, వంతు వచ్చిన బ్రాహ్మణుడి ఇంట్లోనూ ఎవరు వెళ్లాలన్న దానిపై తల్లీ తండ్రీ బిడ్డలూ నేనంటే నేనని వాదించుకుంటారు, అక్కడా ఇంకొకరు బదులుగా వెళతారు. మూలకథలో తరచుగా మరిచిపోయే అంశం ఒకటుంది: ఆ ప్రాంతాన్ని ఏలవలసిన రాజు చేతకానివాడు కాగా, శత్రువుల నుంచి ఊరిని కాచేది బకాసురుడే, మనిషి తిండి అతడు వసూలు చేసే కూలి. రక్షణ పేరుతో ప్రాణాన్ని కప్పంగా తీసుకోవడమన్న ఆ ఆలోచనే పానెంలోనూ రాజ్యమేలుతున్నది. తేడా ఒక్కటే, అది చాలా పెద్దది. భీముడు వెళ్లింది రాక్షసుణ్ణి చంపడానికి, కాట్నిస్‌ను పంపింది తనలాగే చీటీలో పేరు వచ్చిన పిల్లలను చంపడానికి, రాక్షసుడు మాత్రం స్టూడియోలో కూర్చొని వ్యాఖ్యానం చెబుతుంటాడు.

పట్టు సడలకుండా చూసేది నిర్మాణం. మూడు నవలల్లోనూ ఒక్కో నవల మూడు భాగాలుగా, భాగానికి తొమ్మిది చొప్పున 27 అధ్యాయాలుగా ఉంటుంది. నాటక రచనలోని మూడు అంకాల శిక్షణ, టీవీ ఎపిసోడ్‌ను ప్రేక్షకుడు చానల్ మార్చకుండా ముగించే అలవాటు రెండూ ఈ పొందికలో కనిపిస్తాయి. అధ్యాయం కథలోని విశ్రాంతి దగ్గర కాక, ప్రమాదం తలుపు తట్టిన క్షణాన ఆగుతుంది. వారపత్రిక చివరి పేజీలో ‘సశేషం’ అన్న మాట చూసి వారమంతా వేగిపోయిన తెలుగు పాఠకులకు ఈ కిటుకు కొత్తది కాదు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు పిల్లలనూ, ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ పెద్దలనూ ఇలాగే నిలబెట్టాయి. వారపత్రిక పాఠకుణ్ణి బలవంతంగా ఆపేది, ఆ వారం రోజుల ఎడబాటులో కథ ఇరుగుపొరుగు చర్చగా మారేది. పూర్తి సంపుటం చేతిలో ఉన్నవాడిని ఆపేవారు లేరు కాబట్టి, సశేషం అన్న మాట పేజీ తిప్పగానే కరిగిపోయి, రాత్రి ఒంటిగంట దాటినా మరో సశేషం దాకా లాక్కుపోతుంది.

నిర్మాణానికి తోడు కథ చెప్పే గొంతు మరో పని చేస్తుంది. కాట్నిస్ తన కథను తానే, అదీ వర్తమాన కాలంలో చెబుతుంది. భూతకాలంలో కథ చెప్పే పాత్ర బతికి బయటపడి తీరిగ్గా కూర్చొని చెబుతున్నదని పాఠకుడికి తెలియకుండానే ఒక ధైర్యం ఉంటుంది. వర్తమాన కాలం ఆ ధైర్యాన్ని లాగేస్తుంది, ఆమెకు కనిపించనిది పాఠకుడికీ కనిపించదు, ఆమెకు దాహమేసినప్పుడు నీళ్లు ఎటువైపున్నాయో ఇద్దరికీ తెలియదు. ఆకలి సంగతీ ఇంతే. కాలిన రొట్టెలను వానలో విసిరిన రొట్టెల దుకాణం అబ్బాయి పీటా, ఎండు ప్లమ్ పండ్లతో వండిన గొర్రెమాంసం కూర, పన్నెండేళ్ల రూ అనే పిల్ల చనిపోయినప్పుడు ఆమె జిల్లావారు కాట్నిస్‌కు పంపిన రొట్టె అంటూ కథంతా తిండి చుట్టూ తిరుగుతుంది. పోరాటాలను మరిచిపోయిన పాఠకులు కూడా ఆ రొట్టెను మరిచిపోరు.

కథలో ఇలా మునిగిపోవడాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ‘ట్రాన్స్‌పోర్టేషన్’ అంటారు, అంటే పాఠకుడి ధ్యాస, ఊహ, ఉద్వేగం మూడూ ఒకేసారి ఉన్నచోటు వదిలి కథాస్థలానికి తరలిపోవడం. మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ 2000లో ప్రచురించిన పరిశోధనలో, అలా తరలిపోయినవారు కథలోని లోపాలను తక్కువగా గుర్తించారనీ, కథకు అనుగుణమైన అభిప్రాయాలను ఎక్కువగా ఏర్పరచుకున్నారనీ, చదువుతున్నది నిజమని చెప్పినా కల్పితమని చెప్పినా ఆ ప్రభావంలో పెద్ద తేడా రాలేదనీ తేలింది. సగంలో ఆగిన పని మనసును పీడిస్తుందన్న మాటకు ఆధారంగా బ్లూమా జైగార్నిక్ 1927 నాటి ప్రయోగాలను అందరూ ఉదహరిస్తుంటారు. మధ్యలో ఆపించిన పనులు ముగిసినవాటికంటే బాగా గుర్తుంటాయన్న ఆమె ఫలితం తర్వాతి పరీక్షలలో అంత నిలకడగా నిలవలేదు గానీ, ఆగిన పనిని మళ్లీ అందుకోవాలన్న లాగుడు ఉంటుందని ఆమె సహచరి మరియా ఓవ్‌స్యాంకినా చూపిన అంశం గట్టిగానే నిలిచింది. మూడు సంపుటాల వరుసకు వ్యాపార రహస్యం ఆ లాగుడే.

ఇంతవరకు చెప్పినవన్నీ ఏ మంచి ఉత్కంఠ కథకైనా వర్తిస్తాయి. ‘హంగర్ గేమ్స్’ ప్రత్యేకత వేరు. అరీనాలో ఈ రోజు ఎవరు చనిపోయారో తెలుసుకోవడానికి క్యాపిటల్ పౌరుడు టీవీ ముందు కూర్చుంటాడు, ఆ విషయమే తెలుసుకోవడానికి పాఠకుడు పేజీ తిప్పుతాడు. ఇద్దరికీ ఇష్టమైన పోటీదారులున్నారు, ఇద్దరూ కాట్నిస్, పీటాల ప్రేమ నిజమో నటనో తేల్చుకోవాలని తహతహలాడతారు, ఇద్దరికీ కాస్త రక్తం కనబడకపోతే కథ చప్పబడినట్టు ఉంటుంది. రోమన్ కవి జువెనాల్ ప్రజలను మచ్చిక చేసే సాధనాలుగా ఎత్తిపొడిచిన రొట్టె, వినోదాలలో రొట్టెకు లాటిన్ మాట పానెం, రాజ్యానికి ఆ పేరే పెట్టారు. వినోదం బాధ్యతను మాత్రం పుస్తకం తానే తీసుకుంది. ఈ చిక్కు సినిమాల దగ్గరికి వచ్చేసరికి ఎగతాళిగా మారింది. జెన్నిఫర్ లారెన్స్ నటించిన మొదటి చిత్రం 2012లో విజయవంతమయ్యాక, 2013లో రెండో చిత్రం విడుదల సందర్భంగా కవర్‌గర్ల్ సంస్థ క్యాపిటల్ పేరుతోనే అలంకరణ సామగ్రిని మార్కెట్లోకి తెచ్చింది. ఏ నగరపు రంగులనూ విగ్గులనూ చూసి అసహ్యపడాలని నవల కోరిందో ఆ రంగులే షాపుల్లో అమ్మకానికి వచ్చాయి.

రచయిత్రికి ఈ ప్రమాదం తెలుసుననడానికి మూడో నవలే సాక్ష్యం. మొదటి రెండింటినీ ఒక్క బిగిన చదివినవారిలో చాలామంది ‘మాకింగ్‌జే’ దగ్గర తడబడ్డారు, నిరాశపడ్డారు, కోపగించుకున్నారు. అందులో అరీనా లేదు, ఆటల ఉత్సాహం లేదు. తిరుగుబాటుదారులు కాట్నిస్‌ను కెమెరా ముందు నిలబెట్టి ప్రచార చిత్రాలు తీస్తారు, ఆమె సగం కాలం ఆసుపత్రి మంచం మీదో మందుల మత్తులోనో ఉంటుంది, పాఠకులకు ప్రియమైన ఫినిక్ అనే పాత్ర ఒక్క పేరాకు మించని హడావుడిలో చనిపోతాడు. ముగింపు తెలియకూడదనుకునేవారు ఇక్కడి నుంచి పేరా చివరికి దాటుకోవడం మేలు: ఏ చెల్లిని కాపాడడానికి కథ మొదలైందో ఆ ప్రిమ్ యుద్ధం గెలవబోతున్న చివరి ఘడియలలో బాంబు పేలుడుకు బలవుతుంది, ఆ బాంబు వేసింది తనవైపు నాయకత్వమేనన్న అనుమానం కాట్నిస్‌ను వదలదు, గెలిచిన నాయకురాలు కాయిన్ ఈసారి క్యాపిటల్ పిల్లలతో చివరిసారిగా ఆటలు జరిపిద్దామని ప్రతిపాదిస్తుంది. కోపంతో ఉన్న పాఠకుడు ఒక్క క్షణమైనా ఆ ప్రతిపాదనకు తలూపకుండా ఉండడం కష్టం, ఆ క్షణం కోసమే నవల అంతటినీ రాసినట్టు అనిపిస్తుంది. మూడింటిలో అన్నిటికంటే తక్కువ ఆనందమిచ్చేది ఇదే, అన్నిటికంటే నిజాయితీ గలదీ ఇదే.

ఈ విజయాన్ని చూసి వచ్చిన వరుసలకు లెక్కలేదు. పోలికల మాటకొస్తే, బడిపిల్లల తరగతినొకదాన్ని దీవిలో వదిలి చంపుకోమనే జపనీస్ నవల ‘బ్యాటిల్ రాయల్’ను కౌషున్ తకామి 1999లోనే ప్రచురించారు, తన పుస్తకం ప్రచురణకర్తకు ఇచ్చేదాకా దాని పేరే వినలేదని కాలిన్స్ చెప్పారు. లోయిస్ లౌరీ 1993లో రాసిన ‘ది గివర్’ ఈ తోవకు ఇంకా ముందరి మైలురాయి. 2009లో జేమ్స్ డాష్నర్ ‘ది మేజ్ రన్నర్’, 2011లో వెరోనికా రాత్ ‘డైవర్జెంట్’ వచ్చాయి. రాత్ నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ రాసిన ఆ నవలలో షికాగో నగరం త్యాగం, మైత్రి, నిజాయితీ, ధైర్యం, మేధ అనే అయిదు వర్గాలుగా చీలిపోయి ఉంటుంది, పదహారేళ్లు నిండినవారికి ఒక పరీక్ష పెట్టి, జీవితాంతం ఏ వర్గంలో ఉంటారో ఆ వయసులోనే ఎంచుకొమ్మంటారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే ఎంపీసీయా బైపీసీయా అన్నది తేలిపోయే ఇళ్లలో పెరిగిన తెలుగు పిల్లలకు ఈ ఊహ కల్పనలా తోచకపోతే ఆశ్చర్యపడవలసింది లేదు. తర్వాతి అనుకరణలు మాత్రం ఆయుధం పట్టిన అమ్మాయినీ, ఆమె చుట్టూ ఇద్దరు అబ్బాయిలనూ, జనాన్ని విభజించే ఏదో ఒక పద్ధతినీ తీసుకొని, గాజుకుండలోని చీటీల లెక్కను వదిలేశాయి. ఎవరు ఎందుకు ఆకలితో ఉన్నారో చెప్పని చీకటి రాజ్యం కొద్దిరోజులకే అలంకరణగా మిగిలింది. ‘డైవర్జెంట్’ చివరి నవలను రెండు సినిమాలుగా చీల్చాలనుకున్న నిర్మాతలు 2016లో మొదటి సగం ఆడకపోవడంతో రెండో సగాన్ని తీయనేలేదు. ఆ వరద అక్కడితో తగ్గింది.

పుస్తకం మీద అభ్యంతరాలూ తక్కువేమీ రాలేదు. హింస ఎక్కువనీ, వయసుకు తగదనీ అమెరికాలోని గ్రంథాలయాలకు అందిన ఫిర్యాదుల కారణంగా, అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాలంటూ అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఏటా ప్రకటించే జాబితాలో ఇది 2010లోనూ 2011లోనూ చోటు చేసుకుంది. అటు ఆసియాలో దాని ప్రయాణం వేరేగా సాగింది. కథలో జిల్లా ప్రజలు గౌరవ సూచకంగా ఎత్తే మూడు వేళ్ల వందనాన్ని, 2014 మే నెలలో థాయ్‌లాండ్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నాక అక్కడి నిరసనకారులు తమ గుర్తుగా ఎత్తుకున్నారు, సైనిక ప్రభుత్వం ఆ వేళ్లెత్తినవారిని నిర్బంధించింది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు ఆ దేశపు రాయబారి క్యా మో తున్ ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలోనే మూడు వేళ్లెత్తి నిలబడ్డారు. వినోదంగా చదివినది ఒంట్లోంచి పూర్తిగా పోదనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకడం కష్టం.

పదేళ్ల విరామం తర్వాత 2020లో కాలిన్స్ మళ్లీ పానెంకు వచ్చి, తర్వాతి కాలంలో నియంతగా మారే స్నో యవ్వనాన్ని ‘ది బ్యాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్’ పేరుతో రాశారు. ఈసారి ఆమె ఉత్తమ పురుషను వదిలి ప్రథమ పురుషలో, చెడ్డవాడి బుర్రలో పాఠకుణ్ణి కూర్చోబెట్టారు. 2025 మార్చిలో వచ్చిన ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’ మొదటి వారంలోనే ఇంగ్లీషులో 15 లక్షల ప్రతులు అమ్ముడైంది, అయితే పట్టు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు ఈ నవల ఇచ్చే సమాధానం అమ్మకాలకంటే ఆసక్తికరమైనది. ఇది కాట్నిస్‌కు శిక్షకుడైన తాగుబోతు హేమిచ్ తన పదహారో ఏట ఆడిన 50వ ఆటల కథ. ఆ ఏడాది రెట్టింపు సంఖ్యలో 48 మందిని పంపారనీ, వారిలో హేమిచ్ ఒక్కడే మిగిలాడనీ 2009 నాటి ‘క్యాచింగ్ ఫైర్’ చదివినవారందరికీ తెలుసు, అంటే ఎవరు బతుకుతారన్న ఉత్కంఠ మొదటి పేజీకి ముందే చచ్చిపోయింది. అయినా పుస్తకం వదలదు, ఎందుకంటే ‘క్యాచింగ్ ఫైర్’లో కాట్నిస్, పీటా చూసిన 50వ ఆటల టేపును క్యాపిటల్ కత్తిరించి అతికించిందని ఇందులో ఒక్కొక్క దృశ్యంగా బయటపడుతుంది: అక్కడ చూపించని తిరుగుబాటు ప్రయత్నం ఉంది, వరుస మార్చిన మరణాలున్నాయి, తీసేసిన మాటలున్నాయి. ఆ టేపును కాట్నిస్ నమ్మింది, ఆమె భుజం మీదుగా చూసిన పాఠకుడూ నమ్మాడు. 2009లో పద్నాలుగేళ్ల వయసులో ఆ పేజీలు చదివినవారు ముప్పైకి చేరిన ఏడాదిలో రచయిత్రి వారికి తెలియజేసింది, పదహారేళ్లుగా తాము హేమిచ్ గురించి తెలుసుకున్నామనుకున్నదంతా క్యాపిటల్ ప్రసారం చేసిన రూపమేనని.